అధికారి భోజనము తినని అధికారి

ధ్యాన భాగము: నెహెమ్యా 5:1-19. తోడుగా చదువవలసినవి: నెహెమ్యా 13:10-13, 2 కొరింథీ 8:16-21.



నెహెమ్యా గ్రంథమును మన సంఘములలో తరచుగానే చదువుతుంటాము. క్రొత్త మందిరమునకు పునాది వేసినప్పుడు, ప్రహరీ గోడ కట్టదలచినప్పుడు, చందా పుస్తకములు అచ్చు వేయించినప్పుడు ఈ గ్రంథము తప్పక బయటికి వస్తుంది. మొదటి అధ్యాయములోని ప్రార్థన, రెండవ అధ్యాయములో రాత్రివేళ గోడ చుట్టూ తిరిగి చూచుట, నాలుగవ అధ్యాయములో ఒక చేత పని, ఒక చేత ఆయుధము, ఆరవ అధ్యాయములో 52 దినములకు పని ముగియుట, ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. అయిదవ అధ్యాయము మాత్రము ప్రసంగములలో అరుదుగా వినబడుతుంది. అందులో గోడ సంగతి దాదాపు లేదు. అప్పులు, వడ్డీలు, తాకట్లు, అధికారుల భోజన ఖర్చులు ఉన్నవి. ఇవి ఆదివారము ఉదయము మాట్లాడుకొనే సంగతులు కావని మనము అనుకొంటాము. మేమును చాలాకాలము అట్లే అనుకొన్నాము. ఎందుకు అనుకొన్నామో ఈ పాఠము చివరకు వచ్చేసరికి చెప్పవలసి ఉన్నది.

నెహెమ్యా షూషను కోటలో పారసీక రాజైన అర్తహషస్తకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము కూలిపోయి అప్పటికి సుమారు 140 సంవత్సరములైనది. మూడు నాలుగు తరములు గడిచిపోయినవి. ఆయన పుట్టినది బహుశా ఆ పరదేశములోనే. ఉద్యోగము అక్కడిది, తిండి అక్కడిది. అయినను యూదయనుండి మనుష్యులు వచ్చారని తెలియగానే ఆయన మొదట అడిగినది ఊరి సంగతి. షోలాపూరు మగ్గముల వీధిలో పుట్టినవారికి, కోలారు బంగారు గనుల లైన్లలో పెరిగినవారికి, బరంపురములోనో ముంబయి కామాఠిపురములోనో తాతల నాడే స్థిరపడినవారికి ఈయన కొత్తవాడు కాడు. గోదావరి ఒడ్డున తెలుగు గాలిలోనే ఉండి, 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండి, ఇప్పటికిని వేరొక ప్రభుత్వము క్రింద ఉన్న మన యానాము వారికిని కొత్తవాడు కాడు. ఊరినుండి చుట్టము దిగితే మనము అడిగేదీ అదేగదా: వానలు పడ్డాయా, చెరువు నిండిందా, మన చర్చికి పైకప్పు వేశారా అని.

అటువంటి మనిషి రాజు సెలవు తీసుకొని యెరూషలేము వచ్చి, అధికారి అయి, గోడ పని మొదలుపెట్టాడు. పని సగములో ఉండగా జనులు, వారి భార్యలు గొప్ప మొఱ్ఱ పెట్టారు. భార్యలు అన్న మాటను దాటిపోవద్దు. ఇంట్లో గింజలు ఎన్ని ఉన్నవో తెలిసినవారు వారే. కొందరికి తినుటకు ధాన్యము లేదు. కొందరు కరువులో ధాన్యము కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టారు. మరికొందరు రాజుకు పన్ను కట్టుటకు అప్పు తెచ్చారు. కుమారులను, కుమార్తెలను దాసులుగా విడిచిపెట్టే స్థితి వచ్చింది. ఇక్కడ అప్పు ఇచ్చినది సన్బల్లటు కాదు, టోబీయా కాదు. సొంత సహోదరులే ఇచ్చారు. గోడకు బయట శత్రువు ఉన్నాడని అందరూ ఈటెలు పట్టుకొని నిలిచిన సమయములో, గోడకు లోపల ఒకరి పొలము ఒకరి చేతికి పోవుచున్నది.

నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చింది. అయితే ఏడవ వచనమును నిదానముగా చదవండి. కోపము వచ్చిన తరువాత, మాట్లాడక ముందు, ఆయన తనలో తాను ఆలోచించుకొన్నాడు. ఎంతసేపు ఆలోచించాడో వ్రాయబడలేదు. ఏమి ఆలోచించి ఉంటాడన్నది మాత్రము పదవ వచనములో బయటపడుతుంది. తానును, తన బంధువులును, తన పనివారును కూడ జనులకు రూకలు, ధాన్యము అప్పుగా ఇచ్చియున్నారని సభ మధ్యలో ఒప్పుకొంటాడు. ఆ సభలో ఈ మాట చెప్పక దాటవేయవచ్చును. అధికారిని ఎవరు అడుగుతారు? ప్రధానులను గద్దించి, తీర్పు చెప్పి, పేరు తెచ్చుకొని వెళ్ళవచ్చును. ఆయన అట్లు చేయక తన పేరును కూడ ఆ లెక్కలో వేసి, ఇక మనము దీనిని మానుదమని అన్నాడు. మీరు మానండి అని అనలేదు.

మా అభిప్రాయములో నెహెమ్యా గ్రంథమంతటిలో నాయకత్వమనేది స్పష్టముగా కనబడే చోటు ఇదే. రాత్రివేళ గోడ చుట్టూ తిరిగినప్పటికంటె ఇక్కడ ఎక్కువ ధైర్యము కావలసి వచ్చింది.

వడ్డీ సంగతి ఒకటి చెప్పుకొందము. పదకొండవ వచనములో నూరవ భాగము అనే మాట ఉన్నది. అది నెలకు లెక్కించిన వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పుదురు. నెలకు నూటికి ఒకటి అంటే మన పెద్దల భాషలో రూపాయి వడ్డీ. దానినే మనవారు ధర్మవడ్డీ అని పిలుస్తారు! మన వీధులలో మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు తిప్పేవారు ఉన్నారు, ఆదివారము కానుక పళ్ళెము పట్టుకొని వచ్చేవారిలో కూడ ఉన్నారు. మనము ధర్మమని పేరు పెట్టుకొన్న దానినే, కరువు కాలములో సహోదరునివద్ద తీసుకొనరాదని, తీసుకొన్నది ఆ దినమందే తిరిగి ఇమ్మని నెహెమ్యా అన్నాడు. వారు సరే అన్నారు. అంతటితో విడువలేదు. యాజకులను పిలిపించి వారియెదుట ప్రమాణము చేయించాడు. సభలో వేడిగా ఉన్నప్పుడు అందరూ సరే అంటారని, ఇంటికి వెళ్ళి పత్రములు చూచుకొన్నప్పుడు మనస్సు మారుతుందని ఆయనకు తెలుసు.

ఇక 14వ వచనమునుండి ఆయన సొంత సంగతి. పన్నెండు సంవత్సరములు అధికారిగా ఉండి, అధికారికి రావలసిన భోజనపు సొమ్మును ఆయనగాని ఆయన బంధువులుగాని తీసుకొనలేదు. అది లంచము కాదు, చట్టప్రకారము రావలసినదే. ముందున్న అధికారులు రొట్టె, ద్రాక్షారసము గాక 40 తులముల వెండి కూడ జనులవద్ద తీసుకొనేవారు. వారి పనివారు కూడ జనులమీద పెత్తనము చేసేవారట. (అధికారి కంటె అధికారి బంట్రోతు ఎక్కువ అనే అనుభవము మనకును ఉన్నది.) నెహెమ్యా బల్లయొద్ద మాత్రము 150 మంది యూదులు, అధికారులు తినేవారు. చుట్టుపట్ల అన్యజనులనుండి వచ్చినవారు గూడ ఉండేవారు. రోజుకు ఒక ఎద్దు, ఆరు గొఱ్ఱెలు, కోళ్ళు కావలెను. ఆ ఖర్చు ఉండి కూడ ఆ సొమ్ము అడగలేదు. జనులమీద అప్పటికే బరువు ఎక్కువగా ఉన్నదని కారణము చెప్పాడు.

పదహారవ వచనములో చిన్న మాట ఒకటి ఉన్నది. మేము పొలము ఏదియు కొనలేదు అన్న సంగతి. ఇది చిన్నదిగా కనబడుతుంది. కరువులో పొలము చౌక. గోడ లేచిన తరువాత అదే పొలము ధర పెరుగుతుంది. గోడ ఎప్పుడు లేస్తుందో అందరికంటె ముందు తెలిసినవాడు గోడ కట్టించేవాడే. కొనుటకు అవకాశము, సొమ్ము, సమాచారము మూడును ఆయన చేతిలో ఉన్నవి. అయినను కొనలేదు.

మన సొంత చరిత్రలో ఈ పదహారవ వచనమునకు సరిపోయే సంగతి ఒకటి ఉన్నది. మన పెద్దలు చెప్పగా వినియుందుము గాని, ఈ కోణమునుండి వినియుండము.

1876-78 సంవత్సరముల కరువును తెలుగువారు ధాత కరువు అన్నారు. తమిళనాట ఉన్న మనవారికి అది దాదు వరుష పంజమని తెలుసు. పేరు ఆ సంవత్సరము పేరే. దక్షిణదేశములో చనిపోయినవారు 50 లక్షలకు పైగా అని సాధారణముగా చెప్పే లెక్క. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనులలో మగవానికి రోజు కూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణా అని తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో మన్ను మోసేవానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత కూలి పెంచారు.

ఆ కరువు పనులలో పెద్దది బకింగ్‌హాం కాలువ. కృష్ణా డెల్టా కాలువలను మద్రాసు వైపు కాలువలతో కలిపే పని. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. చెన్నైలో ఉన్న మన సహోదరులు దానిని రోజూ చూస్తూనే ఉన్నారు. అడయారు నదికి, కూవమునకు మధ్య ఉన్న ముక్క ఆ కరువులో తవ్వినదే. ఇప్పుడు దాని మీద స్తంభములు నిలిపి మైలాపూరు వైపు రైలు నడుపుతున్నారు. క్రింద నీరు నల్లగా ఉన్నది గాని, ఆ గుంట మన ముత్తాతల వంటివారు తట్టలతో మోసి చేసినది.

ఒంగోలు వైపు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టుకు తీసుకొన్నవారు జె. ఇ. క్లౌ దొరగారు. ఆయన 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనరీ. అంతకుముందు తన దేశములో మినెసోటా ప్రాంతమున భూముల సర్వే చేసిన మనిషి. కాబట్టి మన్ను కొలత, గట్టు వాలు ఆయనకు పరాయి సంగతులు కావు. ఆకలితో ఉన్నవారికి ఊరకే పంచుటకంటె పని ఇచ్చి కూలి ఇచ్చుట మేలని ఆయన తలంచారు. వేలమంది వచ్చారు. ఎక్కువమంది మాదిగలు. వేరే ముక్కలలో వారికి మేస్త్రీల తిట్లు ఉండేవి, కూలిలో కోతలు ఉండేవి, దగ్గరకు రానీయకపోవుట ఉండేది. ఇక్కడ ఓవర్‌సీర్లుగా నిలిచినవారు తెలుగు బోధకులు, వారి మనుష్యులే. పగలు కొలతలు చూచినవారే సాయంకాలము గుడిసెల మధ్య కూర్చుండి, ఇంట్లో చనిపోయినవారిని గూర్చి విన్నారు, ఓదార్చారు, వాక్యము చెప్పారు.

ఇప్పుడు మనము ఆగి చూడవలసిన చోటు ఇది. ఆ వేలమంది ఆయన చేతి కూలి తింటున్నారు, రోజూ వాక్యము వింటున్నారు. చాలామంది బాప్తిస్మము ఇమ్మని అడిగారు. ఏ మిషనరీ అయినను ఆశించే సమయమది. స్వదేశమునకు పంపే నివేదికలో ఎంత పెద్ద అంకె వేయవచ్చునో ఊహించండి. క్లౌగారు ఇయ్యమన్నారు. కరువు ఉన్నంత కాలము, సహాయపు సొమ్ము తన చేతిగుండా పోవుచున్నంత కాలము, ఏడాదికి పైగా ఆయన ఒక్కరినీ చేర్చుకొనలేదు. అన్నము కొరకు వచ్చారో ప్రభువు కొరకు వచ్చారో వారికైనను తెలియని పరిస్థితిలో వారిని పెట్టరాదని ఆయన ఆలోచన. కరువులో పొలము చౌకగా దొరికినట్లే, కరువులో మనుష్యులు కూడ చౌకగా దొరుకుతారు. ఆయన కొనలేదు.

1878లో పంటలు వచ్చాయి, సహాయము ఆగింది. ఇక సొమ్ము లేదని అందరికీ తెలుసు. ఒంగోలులో మశూచి ఉన్నందున క్లౌగారు తన బోధకులను, విశ్వాసులను పది మైళ్ళ దూరములో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలిసికొనుటకు రమ్మన్నారు. కొత్తవారిని తీసుకొని రావద్దని కూడ కబురు చేశారు. అయినను గుంపులు గుంపులుగా వచ్చారు. మాకు డబ్బు వద్దు, మా కష్టముతో మేము బ్రతుకుతాము, మమ్మును చేర్చుకొనండి అని బ్రతిమాలారు. అప్పుడు ఆయన కాదనలేకపోయారు. విచారించి జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మము ఇచ్చారు. మూడు రోజులకు 3,536. ఆ సంవత్సరాంతమునకు తొమ్మిది వేలు దాటినది.

2,222 అనే అంకెను మన వార్షికోత్సవములలో గొప్పగా చెప్పుకొంటాము. దాని ముందున్న సున్నా సంగతి చెప్పుకొనము. ఆ ఏడాదికి పైగా వేసిన సున్నా లేకపోతే ఈ అంకెకు విలువ ఏమి? ఇంకొక సంగతి కూడ ఉన్నది. ఆ జూలై 3న నీటిలో నిలిచినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు ఇచ్చుచుండగా తక్కినవారు విశ్రమించి, మరల మార్చుకొంటూ, ఉదయము కొంతసేపు, మధ్యాహ్నమునుండి సాయంకాలము వరకు, మొత్తము సుమారు తొమ్మిది గంటలు. పన్నెండేండ్ల ప్రయాసకు ఫలము కనబడిన దినమున ఆ నది తెలుగువారి చేతులలో ఉన్నది.

క్లౌగారి జీవితములో ముందటి సంగతి ఒకటి తొందరగా చెప్పి పోవుదము. ఒంగోలు వచ్చిన కొత్తలో పై కులములవారు కొందరు, ఈ మాలమాదిగలను చేర్చుకొనకుంటే మేము వస్తామన్నారు. ఆ దినమున ఆయన ఒక గదిలో, ఆయన భార్య వేరొక గదిలో బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 కనబడినదని ఆయన జ్ఞాపకములలో ఉన్నది. మీరే ఆ వచనములు తీసి చదవండి. ఆ తీర్మానమునకు వెల చెల్లించవలసి వచ్చింది. బడికి వచ్చే పై కులముల పిల్లలు మానివేశారు.

చేరినవారికి ఆయన పెట్టిన నియమములు కూడ మూడే. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చదువు రానివాడు కూడ వ్రేళ్ళమీద లెక్కపెట్టుకొనవచ్చును. అయితే ప్రతి ఒక్కటి ఊరితో తగవు తెచ్చేదే. ఆదివారము వెట్టికి పోకపోతే కరణము, రెడ్డి ఊరుకోరు. జాతరలో డప్పు కొట్టకపోతే బావి నీళ్ళు బందు. ఆ తగవులలో వారి పక్షమున నిలిచి, అధికారులయొద్దకు పోయి మాట్లాడుట ఆయన పనిలో భాగమైనది. ఇప్పుడు మన సంఘముల నియమావళులు చూడండి. అరవై సెక్షన్లు ఉన్నవి, ఉపసెక్షన్లు ఉన్నవి. ఎన్నికల సమయములో తప్ప ఎవరూ తెరవరు. అందులో ఒక్కటి పాటించినందుకు మనలో ఎవరికైనా నీళ్ళు బందు అయినవా?

ఇక నెహెమ్యాకు తిరిగి వద్దము. 13వ అధ్యాయములో లేవీయులకు రావలసిన పాళ్ళు అందలేదని తెలిసినప్పుడు ఆయన ఖజానామీద నియమించినది ఒకరిని కాదు. ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వారికి సహాయముగా మరొకడు. నలుగురును నమ్మకస్థులని పేరు పొందినవారే. నమ్మకస్థులే అయితే ఒక్కరు చాలరా అని మనము అడుగుతాము. పౌలు కూడ యెరూషలేము పేదలకు కానుకలు పంపునప్పుడు తీతుతోకూడ మరి ఇద్దరు సహోదరులను పంపాడు. ఎవరును తనమీద తప్పు మోపకుండ జాగ్రత్త పడుచున్నానని, దేవుని దృష్టియందే గాక మనుష్యుల దృష్టియందును సరిగా ఉండవలెనని ఆయన ఉద్దేశము. పౌలును నమ్మనివారు ఎవరు? అయినను ఆయన తనను తాను ఆ స్థితిలో పెట్టుకొనలేదు.

వలస వచ్చిన సంఘములలో ఈ సంగతి మరింత కష్టము. మనము కొద్దిమందిమి. అందరము వియ్యాలవారము, మేనమామలము, ఒకే ఊరివారము. లెక్క అడిగితే చుట్టరికము చెడుతుంది. మనవాళ్ళే కదా అన్న మాట మన సంఘములలో రసీదు పుస్తకము కంటె ఎక్కువగా వాడబడుచున్నది. ఇప్పుడు ఫోనులో డబ్బు పంపే దినములు వచ్చినవి. చాలాచోట్ల కానుకలు ఒకరి సొంత ఖాతాకే పోవుచున్నవి. చెడు ఉద్దేశముతో కాదు, సంఘము పేర ఖాతా తెరచుటకు కాగితములు తిరగలేక. తిరగండి. ఒకరి జీతము, ఒకరి కరెంటు బిల్లు, స్త్రీల సమాజము వారి పిడికెడు బియ్యపు సొమ్ము ఒకే చోట కలిసియుంటే, ఆ మనిషి యథార్థవంతుడైనను రేపు ఆయన భార్య దేనికి ఏ లెక్క అని చెప్పగలదు?

మరొక మాట. లెక్కలు తెలుగులో మాత్రమే వ్రాసి గోడకు అంటించుచున్నాము. మన యవనస్థులలో సగముమందికి కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో తప్ప తెలుగు చదువను రాదు. తెలుగు నేర్పించుట మన బాధ్యతే, దానిని విడువవద్దు. నేర్పించేవరకు ఆ కాగితము వారికి మూసిన కాగితమే. అంకెలు రెండు భాషలలో వ్రాయుటకు ఒక గంట పట్టును.

మా సంగతి చెప్పవలసి ఉన్నదన్నాము. చాలా సంవత్సరముల క్రితము మేము ఒక సంఘమునకు కోశాధికారిగా ఉన్నాము. మందిరపు పైకప్పుకు సొమ్ము పోగుచేయుచున్న కాలమది. మా ఇంట పెండ్లి వచ్చింది. రావలసిన సొమ్ము చేతికి రాలేదు. కట్టడపు నిధిలోనుండి 18,000 రూపాయలు తీసుకొని మూడు వారములలో తిరిగి పెట్టితిమి. ఒక్క రూపాయి తగ్గలేదు. చిట్టాలో తీసినట్టును వ్రాయలేదు, పెట్టినట్టును వ్రాయలేదు.

ఆ మూడు వారములలోనే సర్వసభ్య కూటము జరిగింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానిన ఒక అవ్వ ఉండేది. నెలకు పది రూపాయలు తప్పక తెచ్చేది. ఆమె లేచి, "నాయనా, సిమెంటు ఈ నెల వస్తుందన్నారు, రాలేదు. డబ్బు ఎక్కడుందో ఒకసారి చదివి చెప్పు" అన్నది. మాకు ముఖము మండినది. "అవ్వా, మన ఇంటివాళ్ళ మధ్య లెక్కలేమిటి? నమ్మకము లేకపోతే ఇంకెవరినైనా పెట్టుకోండి" అన్నాము. అందరూ మా పక్షమే మాట్లాడారు. పెద్దమనిషిని అట్లు అడగవచ్చునా అని ఆమెనే కూర్చోబెట్టారు. మేము ఆ సాయంకాలము చాలా నొచ్చుకొన్నవారివలె ఇంటికి వచ్చితిమి. నిజముగానే నొచ్చుకొన్నాము. అదియే ఇప్పుడు తలచుకొంటే సిగ్గు.

అవ్వ సంఘము మానలేదు. మరుసటి నెల పది రూపాయలు తెచ్చి, రసీదు వ్రాసేవరకు మా యెదుట నిలుచున్నది. అంతకుముందు ఎన్నడును నిలువలేదు. ప్రతి నెలా అట్లే. ఏమియు అనదు, నిలుచుంటుంది. ఆరేడు నెలలు గడిచిన తరువాత ఒక డీకనుల కూటములో నెహెమ్యా అయిదవ అధ్యాయము చదువవలసిన వంతు మాది అయినది. పదవ వచనము వద్ద గొంతు ఆగిపోయినది. అక్కడనే చెప్పితిమి. డీకనులు, సరేలే, సొమ్ము తిరిగి వచ్చినదిగదా, ఇంతటితో మరచిపోదమన్నారు. సంఘకాపరిగారు మాత్రము, కూటములో కోప్పడినావు గనుక కూటములోనే చెప్పు అన్నారు. అది ఆయనకును సులభము కాదు, మా ఇద్దరి కుటుంబములకు స్నేహమున్నది.

చెప్పితిమి. చిట్టాలో ఆ రెండు తేదీలు ఎఱ్ఱ సిరాతో వ్రాయించి, పుస్తకము అప్పగించి పదవి విడిచితిమి. కొందరు, ఇంత అవసరమా అన్నారు. ఒకరిద్దరు ఇంకా ఎంత తిన్నాడో అన్నారు. అవ్వ కూటములో ఏమియు అనలేదు. వచ్చే నెల కొత్త కోశాధికారియొద్దకు పోయి పది రూపాయలు ఇచ్చి, రసీదు వ్రాసేవరకు ఆయన యెదుట కూడ నిలుచున్నది.

కూడికలో మాట్లాడుకొనుటకు: నెహెమ్యా అయిదవ అధ్యాయమును ఒకరు మొఱ్ఱ పెట్టిన స్త్రీల పక్షమున, ఒకరు అప్పిచ్చిన ప్రధానుల పక్షమున, ఒకరు నెహెమ్యా పక్షమున గట్టిగా చదవండి. ప్రధానులు ఎనిమిదవ వచనములో ఎందుకు మౌనముగా ఉండిరో చర్చించండి. మీ సంఘములో చట్టప్రకారము వచ్చేదే అయినను, ఇప్పటి పరిస్థితిలో తీసుకొనకుండుట మేలైన సంగతి ఏదైనా ఉన్నదా? కానుకలు ఎవరి పేర ఉన్న ఖాతాకు పోవుచున్నవి, లెక్కించేటప్పుడు ఎంతమంది ఉంటున్నారు, వారిలో స్త్రీల సమాజము వారు ఎవరైనా ఉన్నారా? లెక్క అడిగినందుకు మనము కూర్చోబెట్టిన అవ్వ ఎవరైనా ఉంటే, వచ్చే కూడికకు ముందు ఇద్దరు డీకనులు ఆమె ఇంటికి వెళ్ళి రావలెను. రసీదు పుస్తకము కూడ తీసుకొని వెళ్ళండి.